కొత్త రోటర్, భాయ్ చెయ్యి

పని నేర్చుకుంటున్న పిల్లలు కనిపించినప్పుడల్లా నేను చేసిన గొప్ప రిపేరు ఒకటి చెప్పమంటారు. గొప్పవి చెప్పుకుంటే నాకు ఛాతీ ఉబ్బుతుంది గానీ మీకు ఒరిగేదేమీ ఉండదు. అందుకని నా బుర్ర పూర్తిగా పనిచేయడం మానేసిన రెండు నెలల సంగతి చెబుతాను. కరీంనగర్‌లో నలభై ఏళ్లు కార్ల కింద పడుకున్నవాణ్ణి. ఇప్పుడు షెడ్డు మూసేశాను, మోకాళ్లు కూడా దాదాపు మూతబడ్డాయి. అయినా ఆ రెండు నెలల్లో ఎక్కడ దారి తప్పానో ఇప్పటికీ కూర్చుని ఆలోచిస్తూనే ఉంటాను.

షెడ్డులో మేము ఇద్దరం. ఇంజను పని నాది. వైరింగు, బ్యాటరీ, ప్లగ్గుల దాకా కరెంటు చేరే దారంతా భాయ్‌ది. భాయ్ నాకంటే ఆరేళ్లు పెద్ద. ముప్పై ఏళ్లు ఒకే కప్పు కింద పనిచేశాం, ఒకే గిన్నెలో చాయ్ కాచుకున్నాం. నాకు కోపం ఎక్కువ, ఆయనకు మాట తక్కువ. బండ్లు తెచ్చే గిరాకీలతో నేను గొడవ పెట్టుకుంటే ఆయన వాళ్లకు కుర్చీ వేసేవాడు. అలా నడిచింది మా షెడ్డు.

ఈ కథ జరిగే నాటికి భాయ్ చేతులు వణకడం మొదలై ఏడాది దాటింది. చాయ్ గ్లాసు పట్టుకుంటే సగం కింద పోయేది. కానీ స్క్రూడ్రైవర్ మొన స్క్రూ గాడిలో పడగానే ఆ వణుకు ఎటు పోయేదో పోయేది. ప్లగ్గులకు పోయే కరెంటును కలిపి తెంచే రెండు పాయింట్ల మధ్య ఎడం సరిచూడటానికి అందరూ గేజి వాడతారు. భాయ్ మాత్రం తన బిడ్డ పెళ్లిపత్రిక లోంచి కత్తిరించిన ఒక పట్టీ వాడేవాడు. ఆ అట్ట మందం సరిగ్గా సరిపోయిందట. గీ లగ్గం ఎంత పక్కాగ కుదిరిందో సూడు తమ్మీ అని నవ్వేవాడు. ఆ పట్టీ ఎప్పుడూ ఆయన అంగీ జేబులోనే ఉండేది.

నాలుగేళ్ల కిందట, వానలు పడుతున్న రోజుల్లో, మెట్‌పల్లి నుంచి ఒక పటేల్ వచ్చాడు. పసుపు వ్యాపారం, బాగా భూములున్న కుటుంబం. వాళ్ల బాపు వయసులో ఉన్నప్పుడు ఎవరి దగ్గరో కొన్న ఇంగ్లండు కారొకటి గోదాంలో పసుపు బస్తాల వెనక ముప్పై ఏళ్లుగా పడి ఉంది. రెండే సీట్లు, పైన కప్పు లేదు, కూర్చుంటే రోడ్డు చేతికందేంత కిందుగా ఉంటుంది. లారీలో తెచ్చి షెడ్డు ముందు దింపితే బస్టాండు రోడ్డంతా మా ముందే నిలబడింది. దసరా నాడు ఆ కారులో జమ్మి చెట్టు దగ్గరికి పోవాలని పటేల్ కోరిక. వాళ్ల బాపు అలాగే పోయేవాడట.

ఇంజను నేను చూసుకున్నాను, అది పెద్ద కష్టం కాలేదు. చిక్కంతా ఇగ్నిషన్ సామాను దగ్గర వచ్చింది. డిస్ట్రిబ్యూటర్ అంటే ఒక్కో ప్లగ్గుకు వంతులవారీగా కరెంటు పంచే గిన్నె లాంటిది. దాని మూత పగిలింది, పాయింట్లు తుప్పు పట్టాయి, కండెన్సర్ ఉబ్బింది. లోపల తిరిగే రోటర్ అనే నల్ల ముక్క మాత్రం బానే ఉన్నట్టుంది. కానీ నాకు ఒక పిచ్చి ఉంది. సగం పాత, సగం కొత్త నాకు గిట్టదు. మారిస్తే అన్నీ మార్చాలి.

అసలు కంపెనీ సామాను ఎప్పుడో ఆగిపోయింది. ఇప్పుడు దొరికేవి దాన్ని చూసి మళ్లీ పోత పోసినవి. కొనాలంటే డిస్ట్రిబ్యూటర్ మీద చెక్కిన నంబరు కావాలి. అది అరిగిపోయింది. ముగ్గుపిండి రాసి, తుడిచి, వెలుతురుకు వాలుగా పట్టి చూశాం. మూడో అంకె నాకు ఎనిమిది అనిపించింది, భాయ్‌కి మూడు అనిపించింది, పటేల్‌కి ఆరు. మూడు ఫోటోలు తీసి ఓ పెద్ద ఊళ్లో ఉన్న దుకాణదారుకు ఫోనులో పంపాను. అతను అన్ని అంకెలకూ అదే ముక్క సరిపోతుందన్నాడు. మరి నంబరు ఎందుకు అడిగావయ్యా అంటే అది రూలు సార్ అన్నాడు.

ఆ తర్వాత ధరల పట్టీ పంపాడు. అందులో ఒకే రోటర్ మూడు రకాలుగా ఉంది. ఒకటి ఒరిజినల్ టైపు, ఒకటి ఒరిజినల్ క్వాలిటీ, ఇంకొకటి ఒరిజినల్ మోడల్. మూడింటికీ ఒకే ఫోటో. తేడా ఏమిటని అడిగితే పేరులోనే ఉంది కదా సార్ అన్నాడు. రెండు రోజులు ఆ పట్టీ ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఇంట్లో మా ఆవిడ పెళ్లి సంబంధం చూస్తున్నావా అని అడిగింది. చివరికి ఎక్కువ ధర ఉన్నది మంచిదై ఉంటుందని అదే తెప్పించాను. నలభై ఏళ్ల అనుభవం ఉన్నవాడు సామాను ఎంచుకున్న పద్ధతి అది.

పార్సిల్ వచ్చింది. డబ్బా మాత్రం మిఠాయి డబ్బాలా ముచ్చటగా ఉంది. భాయ్ కొత్త రోటర్‌ను అరచేతిలో పెట్టుకుని ఎగరేసి చూశాడు, గోటితో గీకాడు, దాని నడుమ పట్టీని బిగించిన ఇత్తడి రివిట్‌ను కాసేపు చూశాడు.

“గిది జర తేలికున్నది తమ్మీ. పాతదే ఉంచుదమా?”

“పాతది మూటలకు పోతది భాయ్. మరి కొత్తది దేనికి తెప్పిచ్చినం?” అన్నాను.

ఆయన రోటర్‌ను మళ్లీ డబ్బాలో పెట్టాడు. మూట అంటే ఏమిటో చెప్పాలి. మా పనిలో ఒక రివాజు ఉంది. బండి లోంచి విప్పిన పాత సామాను ఏదైనా సరే, గుడ్డలో కట్టి గిరాకీకి ఇచ్చేయాలి. లేకపోతే మార్చకుండానే మార్చామన్నారని అంటారు. ఆ గుడ్డ మూట చేతిలో పడితేనే గిరాకీకి నమ్మకం. అలా ఆ పాత రోటర్, పగిలిన మూత, తుప్పు పాయింట్లు అన్నీ పటేల్ మూటలోకి వెళ్లాయి. పాయింట్లు భాయ్ పెట్టాడు, పెళ్లిపత్రిక పట్టీతో ఎడం చూశాడు. కారు ఒక్క సెల్ఫుకే లేచింది. షెడ్డంతా దద్దరిల్లింది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వుకున్నాం.

దసరా పొద్దున కారును లారీ మీద మెట్‌పల్లికి చేర్చి, వెంట మేమిద్దరం వెళ్లాం. పటేల్ ఇంట్లో కారుకు పూజ చేశారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, ముందు అద్దానికి బంతిపూల దండ కట్టారు. సాయంత్రం డప్పులతో ఊరు ఊరంతా జమ్మి వైపు కదిలింది. పటేల్ తెల్ల ధోతి కట్టుకుని, తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని కారు తోలుతున్నాడు. మేము వెనక నడుస్తున్నాం. నాకు ఆ నడకలో భూమి మీద కాళ్లు లేవు.

బజారు మధ్యకు రాగానే కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మళ్లీ లేవలేదు. డప్పులు ఆగాయి. ఎవరో నిమ్మకాయ సరిగ్గా నలగలేదన్నారు, ఇంకెవరో దిష్టి అన్నారు. నేను బానెట్ ఎత్తి పెట్రోలు చూశాను, ఉంది. కరెంటు చూశాను, ఓసారి వస్తోంది, ఓసారి రావడం లేదు. వెనక జనం తోసుకుంటున్నారు. పటేల్ తల్లిని దింపి, కాస్త చల్లారనిచ్చి సెల్ఫు కొడితే లేచింది. వంద గజాలు పోయి మళ్లీ ఆగింది. పటేల్ నన్ను చూసి ఏమైందని అడిగాడు. నలుగురూ వింటున్నారు. నాకు ఏమైందో తెలియదు. తెలియదని చెబితే అయిపోయేది.

“చేతులు వణికెటోడు పాయింట్లు వెడితే గిట్లనే ఉంటది పటేలా” అన్నాను.

భాయ్ నా పక్కనే ఉన్నాడు, చేతిలో ప్లగ్గు పానా ఉంది. దాన్ని నెమ్మదిగా నా పెట్టెలో పెట్టాడు. పెట్టేటప్పుడు చెయ్యి వణికి ఇనుప పెట్టె టకటక చప్పుడు చేసింది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. తర్వాత పదిమందీ కలిసి కారును పక్కకు తోశారు. అందరూ జమ్మి దగ్గరికి పోయి, ఆకు చేతిలో పెట్టి, ఒకరినొకరు హత్తుకుని అలాయ్ బలాయ్ తీసుకున్నారు. ముప్పై ఏళ్లుగా దసరా నాడు నా మొదటి అలాయ్ బలాయ్ భాయ్‌తోనే. చుట్టూ చూశాను. ఆయన లేడు. కరీంనగర్ బస్సెక్కి వెళ్లిపోయాడని పాన్ డబ్బా అతను చెప్పాడు.

మర్నాడు షెడ్డు తీసేసరికి భాయ్ పెట్టె తాళంచెవి నా బల్ల మీద ఉంది. దాని కింద ఆ పెళ్లిపత్రిక పట్టీ. ఫోను చేస్తే ఇచ్చోడలో ఉన్న ఆయన బిడ్డ ఎత్తింది. అబ్బా, అంటే వాళ్ల నాన్న, ఇక పని చేయనంటున్నాడు, ఇక్కడే ఉంటాడు, మీరు ఫికర్ చేయకండి అంది. నేను కూడా సరే అన్నాను. ఒక వారం విశ్రాంతి తీసుకుంటే కోపం తగ్గుతుందిలే అనుకున్నాను. ఎవరి కోపం తగ్గాలో మాత్రం ఆలోచించలేదు.

ఇక్కడి నుంచి నా గందరగోళం మొదలైంది. కారు మళ్లీ షెడ్డుకొచ్చింది. పాయింట్ల ఎడం గేజితో కొలిచాను. సరిగ్గా ఉంది, వెంట్రుకవాసి తేడా లేదు. ఆ ఒక్క కొలతతోనే కథ ముగిసిపోవాలి. కానీ నేనేమనుకున్నానో తెలుసా? ఏదో అదృష్టం కొద్దీ ఈ ఒక్కసారి సరిగ్గా పడి ఉంటుందిలే అనుకున్నాను. విప్పి నా చేత్తో మళ్లీ పెట్టాను. కారు పది నిమిషాలు నడిచి ఆగింది. అయినా భాయ్ వైరింగులోనే ఎక్కడో తప్పు చేసి ఉంటాడని వైర్లన్నీ పీకి కొత్తవి వేశాను. పది నిమిషాలు. కాయిల్ మార్చాను. పదకొండు నిమిషాలు. ఆ ఒక్క నిమిషానికి మా ఆవిడకు మిఠాయి తీసుకెళ్లాను.

రోటర్ మీద కూడా అనుమానం వచ్చింది. రాలేదని అబద్ధం చెప్పను. అదే దుకాణదారు దగ్గర అదే రకం రోటర్ ఇంకొకటి తెప్పించి మార్చి చూశాను. అదే పది నిమిషాలు. రెండు కొత్త ముక్కలు ఒకే తప్పు చేయవు కదా, కాబట్టి రోటర్ తప్పు లేదు, కాబట్టి తప్పు మనిషిదే. తమ్ముళ్లూ, ఈ లెక్క మీకు కూడా బానే ఉన్నట్టు కనిపిస్తుంది. రెండూ ఒకే పోతలో పోసిన ముక్కలని, ఒకటి చెడిపోయి ఉంటే ఇంకొకటి కూడా అదే దారి పడుతుందని నాకు తట్టలేదు. దొంగకు వాడి తమ్ముణ్ణే సాక్షిగా పిలిచాను.

అందులోనూ నాకు ఈ పాఠం కొత్త కాదు. మా బాపు సిరిసిల్లలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద బతికినవాడు. గుడ్డలో గీత పడితే సేటు నూలును ఎప్పుడూ అనలేదు. నూలు కొత్తది కదా అని బాపు కూలీలోనే కోత పెట్టేవాడు. అది చూసి చిన్నప్పుడు నాకు కడుపు మండిపోయేది. నేను ఎన్నడూ అలాంటివాణ్ణి కాకూడదనే ఆ పని వదిలి మెకానిక్‌నయ్యాను. చివరికి సేటు కూర్చున్న కుర్చీలోనే కూర్చున్నాను, కూర్చున్నట్టు కూడా తెలియకుండా.

రెండు నెలలు కావస్తుండగా పటేల్‌కు విసుగొచ్చింది. గుడ్డ మూట తెచ్చి నా బల్ల మీద పడేశాడు. తల్లి దాన్ని దేవుడి గది అటక మీద దాచిందట, భర్త చేతి సామాను కదా అని.

“మా బాపు సామానే వెట్టు. నడిస్తె నడుస్తది, లేకుంటె గోదాంల వెడ్త. నీ కొత్తది నాకద్దు.”

కోపం కొద్దీ పాత రోటర్ తీసి, గుడ్డతో తుడిచి పెట్టాను. మిగతావన్నీ కొత్తవే ఉంచాను. పది నిమిషాలు గడిచాయి. ఇరవై గడిచాయి. గడియారం ఆగిందేమోనని చెవి దగ్గర పెట్టుకున్నాను. అరగంటకు పటేల్, నేను కారెక్కి పెద్దపల్లి రోడ్డున బయల్దేరాం. పెద్దపల్లిలో చాయ్ తాగి, వేడి ఇంజనునే మళ్లీ లేపి తిరిగొచ్చాం. ఎక్కడా ఆగలేదు. పటేల్ దారంతా పాట పాడుతూ వచ్చాడు. నేను మాత్రం పక్కన బొమ్మలా కూర్చున్నాను. సంతోషం రావాలి, రాలేదు.

అప్పుడు చేయాల్సిన పరీక్ష చేశాను, మొదటి రోజే చేయాల్సింది. కొత్త రోటర్‌ను దాని ఇరుసు మీద పెట్టి, కాయిల్ నుంచి వచ్చే లావు వైరును పైనున్న ఇత్తడి పట్టీకి దగ్గరగా పట్టాలి. ముక్క మంచిదైతే ఏమీ జరగదు, కరెంటుకు కిందికి దారి ఉండదు. నేను పట్టగానే నీలం రవ్వ చిటపటమని దూకింది. రివిట్ పొడుగైంది, చుట్టూ ఉన్న ప్లాస్టిక్ నాసిరకం. ఇక్కడ వేరే దారి లేక చల్లగా ఉన్నా దూకింది, బండిలో అయితే వేడెక్కగానే కరెంటు ప్లగ్గులకు పోకుండా రివిట్ గుండా ఇరుసులోకి కారిపోతోంది. రెండో కొత్త రోటర్ కూడా అంతే. పాతదానికి వైరు పట్టి చూస్తే రవ్వ లేదు. భాయ్ గోటితో గీకి చూసింది అదే ప్లాస్టిక్కు, కాసేపు చూసింది అదే రివిట్టు.

మర్నాడు పొద్దున్నే కొత్త రోటర్, పటేల్ కారు లోంచి విప్పిన పాత రోటర్, ఒక బ్యాటరీ, కాయిల్, పాత అంబాసిడర్ డిస్ట్రిబ్యూటర్ డిక్కీలో వేసుకుని ఇచ్చోడకు బయల్దేరాను. ఆ రోటర్ అంబాసిడర్‌కి కూడా సరిపోతుంది, ఆ మాట భాయ్ ఎప్పుడో చెప్పాడు. దారి పొడుగునా ఏం మాట్లాడాలో కూడబలుక్కుంటూ పోయాను. ఇంటి ముందు కుర్చీలో భాయ్ కూర్చుని ఉన్నాడు, ఒళ్లో తువ్వాలు, తువ్వాలు కింద చేతులు. నన్ను చూసి లేవబోయాడు. కూడబలుక్కున్నవన్నీ మర్చిపోయి నేలమీదే బ్యాటరీ పెట్టి వైర్లు కలిపాను. లావు వైరు ఆయనకు అందించాను. తువ్వాలు కింద నుంచి చెయ్యి బయటికి రావడానికి కాస్త సేపు పట్టింది.

వైరు వణికింది. ఇత్తడికి దగ్గరవుతుండగా నిలకడైంది. రవ్వ దూకింది. ఆయన రోటర్ తీసి పాతది పెట్టమన్నాడు. రవ్వ లేదు. మళ్లీ కొత్తది పెట్టించాడు, మళ్లీ దూకింది. అలా నాలుగుసార్లు చూశాడు. నేను తప్పు నాదేనన్నాను, బజారులో అన్న మాట వెనక్కి తీసుకుంటున్నానన్నాను. ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

“డబ్బా ఇప్పిన నాడే నాకు శక్ అచ్చింది తమ్మీ” అన్నాడు. వైరు కింద పెట్టి, “కానీ నువ్వు తప్పు నా చెయ్యిది అన్నంక, నాకు గూడ చెయ్యిదే అనిపిచ్చింది” అన్నాడు.

నేను రోటర్‌ను రెండుసార్లు మార్చి చూశాను. పటేల్‌ను అడిగాను, దుకాణదారును అడిగాను. ఆ ముక్క గురించి భాయ్‌ను ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి ఉంటే ఒక్క ఫోనుతో తేలిపోయేది. పని నేర్చుకునే మీకు నేను చెప్పగలిగింది ఇంతే, మిగతాదంతా పుస్తకాల్లో ఉంటుంది.

అలాయ్ బలాయ్ ఇద్దామని దగ్గరికి పోతే కాదనలేదు, గట్టిగానే హత్తుకున్నాడు. పెళ్లిపత్రిక పట్టీ ఇస్తే జేబులో పెట్టుకున్నాడు. షెడ్డుకు రమ్మంటే చూద్దామన్నాడు. చాయ్ తెచ్చిన బిడ్డ నాతో, “మిక్సీ నెల సంది కరాబై ఉన్నది చాచా, అబ్బా ముట్టుకుంటలేడు” అంది. భాయ్ దాన్ని తెమ్మన్నాడు.

వరండాలో కింద కూర్చుని విప్పాడు. లోపల బొగ్గు బ్రష్ అరిగింది, అంతే. నేను టార్చి పట్టుకున్నాను. మొన స్క్రూ గాడిలో పడగానే చెయ్యి నిలిచింది, ఎప్పటిలాగే. సర్ది, మూసి, నాలుగు స్క్రూలూ బిగించాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇక ప్లగ్గు పెట్టడమే తరువాయి అనుకుంటుండగా ఆయన ఆగి, మిక్సీని నా వైపు తిప్పాడు.

“జర చూడు తమ్మీ, సరిగనే వెట్టిన్నా?”

ముప్పై ఏళ్లలో భాయ్ నన్ను ఆ మాట అడగడం అదే మొదటిసారి.